ఆపరేషన్ డేట్ దగ్గర పడుతోంది, నోరు మాత్రం మాట వినట్లేదు: ఏం చేయాలి?

బరువు తగ్గే ఆపరేషన్‌కి ఒప్పుకుని, స్కానింగులూ రక్త పరీక్షలూ అన్నీ అయ్యాక చాలామందికి ఒక చిత్రమైన కష్టం వస్తుంది. ఏళ్ల తరబడి డైట్లు చేసి విసిగిపోయినవాళ్లు, ఇక ఇదే దారి అని గట్టిగా అనుకున్నవాళ్లు కూడా సరిగ్గా ఈ నెలల్లోనే ఎప్పుడూ లేనంతగా తినేస్తుంటారు. డాక్టరేమో ‘ఆపరేషన్‌కి ముందు కాస్త తగ్గి రండి’ అంటారు, డైటీషియనేమో ఓ కాగితం చేతిలో పెడతారు, ఇంట్లోవాళ్లేమో ‘ఇప్పుడన్నా నోరు కట్టేసుకోవచ్చు కదా’ అంటారు. కట్టేసుకోగలిగితే ఆపరేషన్ దాకా ఎందుకొస్తాం చెప్పండి.

ఆ కాగితంలో ఏం తినాలో ఉంటుంది. తినకుండా ఉండలేకపోతే ఏం చేయాలో ఉండదు. ఇక్కడ రాస్తున్నది ఆ రెండోదాని గురించే. మీ డాక్టరూ డైటీషియనూ చెప్పినదానికీ ఇక్కడున్నదానికీ ఎక్కడైనా తేడా వస్తే వాళ్ల మాటే వినండి, మీ రిపోర్టులు చూసింది వాళ్లు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం, ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. ‘ఇక ఇవన్నీ జన్మలో తినలేనేమో’ అనే భయం ఒక పక్క, అసలే తగ్గించి తింటున్నామన్న లోటు ఇంకో పక్క, రెండూ కలిసి మనసుని తిండి చుట్టూనే తిప్పుతాయి. 1944–45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి ఆరు నెలల పాటు అరకడుపుకే తిండి పెట్టి చూశారు. అంతకు ముందు తిండిని పెద్దగా పట్టించుకోని వాళ్లు కూడా పగలూ రాత్రీ దాని గురించే మాట్లాడుకోవడం, వంటల పుస్తకాలు పోగేసుకోవడం మొదలుపెట్టారు, ప్రయోగం అయిపోయాక కొందరు కడుపు నిండా తిన్నా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. వాళ్లెవరికీ బరువు సమస్య లేదు. తిండి తగ్గితే ఎవరి బుర్రైనా అలాగే పనిచేస్తుంది. కాబట్టి ‘నాకు సిగ్గు లేదు, పట్టుదల లేదు’ అని తిట్టుకోవడం ముందు ఆపండి, తిట్టుకున్న ప్రతిసారీ ఆ బాధకి మళ్లీ తింటాం, అంతకు మించి ఒరిగేదేం ఉండదు.

ఆపరేషన్ దేన్ని మారుస్తుంది, దేన్ని మార్చదు

ఇది తెలిస్తే ఈ నెలల్లో దేని మీద కష్టపడాలో తెలుస్తుంది. ఈ ఆపరేషన్లలో ఎక్కువగా చేసేవి రెండు రకాలు, స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్. స్లీవ్‌లో పొట్టలో (అంటే జీర్ణాశయంలో) దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది, అందుకే మొదటి నెలల్లో చాలామందికి అసలు ఆకలే వేయదు. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి లాంటిది మిగిల్చి, దాన్ని తిన్నగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. రెండింట్లోనూ కొంచెం తినగానే నిండిపోయినట్టు ఉంటుంది.

కానీ రాత్రి పదిన్నరకి టీవీ ఆపేసి, ఆకలి లేకపోయినా వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుతురులో ఏం కావాలో తెలియకుండానే నిలబడే అలవాటుకి పొట్ట సైజుతో సంబంధం లేదు. ఆఫీసులో ఎవరో ఓ మాటంటే తీపి మీదకి చేయి పోవడం, ఒంటరిగా ఉన్నప్పుడు ప్యాకెట్ మొత్తం ఖాళీ అవడం, ఇవన్నీ ఆపరేషన్ థియేటర్ లోంచి మనతోపాటే బయటికి వస్తాయి. పైగా కొన్ని తిండ్లు చిన్న పొట్టలోంచి కూడా సులువుగా జారిపోతాయి. ఐస్‌క్రీమ్, చాక్లెట్, చిప్స్, తీపి డ్రింకులు నమిలే పని లేకుండా కరిగి దిగిపోతాయి, కడుపు నిండిన గుర్తే ఉండదు. రోజంతా కొంచెం కొంచెంగా వీటినే తింటూ ఉంటే ఏ ఆపరేషనూ అడ్డుపడలేదు, తగ్గిన బరువు మళ్లీ పెరగడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి.

అందుకే నా ఉద్దేశంలో ఆపరేషన్‌కి ముందు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గామన్నది రెండో విషయం. ఎలా తింటున్నాం, ఎప్పుడు తింటున్నాం, ఎందుకు తింటున్నాం అన్నది మొదటిది. తూకం మిషన్ కంటే దాని మీదే ఎక్కువ దృష్టి పెట్టండి.

మొదటి వారం ఏమీ మార్చకండి, రాయండి

అవును, ఏమీ మార్చొద్దు. ఒక చిన్న నోట్‌బుక్కో ఫోన్లో నోట్సో తీసుకుని, తిన్న ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి చాలు: టైం, ఏం తిన్నారు, తినే ముందు ఆకలి సున్నా నుంచి పది వరకూ ఎంత ఉంది, తినే ముందు ఏం జరిగింది. కేలరీలు లెక్కపెట్టకండి, లెక్కపెట్టడం మొదలెడితే మూడో రోజుకి రాయడమే మానేస్తాం. తిన్నాక రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే సగం మర్చిపోతాం, అప్పటికప్పుడే రాసుకోవాలి.

అలా రాసింది ఎలా ఉంటుందంటే: ‘సాయంత్రం 5.40. బిస్కెట్లు, సగం ప్యాకెట్. ఆకలి 8. మధ్యాహ్నం మీటింగ్ వల్ల తినలేదు.’ దాని కింద ‘రాత్రి 10.30. ఐస్‌క్రీమ్, డబ్బాలోంచే. ఆకలి 2. పిల్లాడి మీద అరిచాను, తర్వాత బాధేసింది.’ చూడండి, రెండూ తప్పు తిండే అని డైటీషియన్ కొట్టేయొచ్చు, కానీ ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిది నిజమైన ఆకలి, మధ్యాహ్నం భోజనం చేసుంటే అది రాదు. రెండోదానికి ఎంత భోజనం పెట్టినా లాభం లేదు, అక్కడ ఆకలి తీర్చడానికి కాదు తిన్నది.

వారం తర్వాత ఆ పేజీలు తిరగేస్తే మీ తీరు ఏమిటో తెలిసిపోతుంది. కొందరిది గబగబా పెద్ద భోజనాలు చేసే తీరు. కొందరు ఏ పూటా ఎక్కువ తినరు, కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా నోరు ఆడుతూనే ఉంటుంది, వాళ్లని అడిగితే ‘నేనసలు ఏమీ తిననండీ’ అని నిజాయితీగానే చెబుతారు. కొందరు తినేదానికంటే తాగేదాంట్లో ఎక్కువ చక్కెర తీసుకుంటుంటారు. కొందరికి పగలంతా బానే ఉంటుంది, చీకటి పడ్డాక మొదలవుతుంది. మీరు ఏ కోవలో ఉన్నారో చూసుకుని ముందు దాన్ని పట్టుకోండి, అన్నీ ఒకేసారి మార్చబోతే ఏదీ నిలవదు.

పూట తప్పకుండా తినడం

ఒక్క పనే చేయగలను అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. తక్కువ తినాలనుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే పని, పొద్దున మానేయడం. పొద్దున మానేస్తే మధ్యాహ్నం దాకా ఏదోలా లాగుతాం, ‘భలే కంట్రోల్ చేసుకున్నా’ అనిపిస్తుంది కూడా, సాయంత్రం అయ్యేసరికి కాళ్లూ చేతులూ లాగేస్తూ, కనిపించిందల్లా ఆవురావురుమని తినేస్తాం, అప్పుడు తిన్నది పొద్దున మానేసినదానికి రెండింతలుంటుంది. దాని వల్ల వచ్చిన అపరాధ భావంతో మర్నాడు పొద్దున మళ్లీ మానేస్తాం. ఈ చక్రం తెగాల్సింది రాత్రి పూట కాదు, పొద్దున పూటే.

మూడు పూటలా భోజనం, మధ్యలో ఒకటో రెండో చిన్న చిరుతిండ్లు, మూడు నాలుగు గంటలకి మించి ఖాళీ లేకుండా. ఆకలేసినా వేయకపోయినా టైం అయితే తినాలి, టైం కాకపోతే తినకూడదు. ఇది చిన్నపిల్లల రూలులా అనిపించొచ్చు గానీ ఆపరేషన్ తర్వాత మీరు బతకబోయేది ఇలాగే, అప్పుడు ఆకలి గుర్తు చేయదు, గడియారమే గుర్తు చేయాలి. ఫోన్లో అలారం పెట్టుకోండి. బయటికి వెళ్లే రోజుల కోసం బ్యాగులో తినదగ్గది ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి, ఉడికించిన గుడ్డో, డైటీషియన్ ఒప్పుకున్న ప్రొటీన్ షేకో, గుప్పెడు గింజలో. ఆకలితో షాపులోకి అడుగు పెట్టకపోవడం అనేది సంకల్పబలం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రతి పూటా ప్రొటీన్ ముందు తినండి, తర్వాత కూరగాయలు, కడుపులో ఇంకా చోటుంటే పిండి పదార్థాలు. ఆపరేషన్ తర్వాత రోజుకి 60 నుంచి 80 గ్రాముల దాకా ప్రొటీన్ తినాలని సాధారణంగా చెబుతారు. పట్టేది నాలుగు ముద్దలైనప్పుడు మొదటి రెండు ముద్దలు వేరేదానికిస్తే ఆ లెక్క ఎప్పటికీ అందదు, కండలు కరుగుతాయి, జుట్టు రాలుతుంది. ఈ వరుస ఇప్పుడే చేతికి అలవాటైతే అప్పుడు ఆలోచించాల్సిన పనుండదు.

నెమ్మదిగా తినడం

చెప్పడానికి చిన్న మాటే గానీ చేయడానికి దీనంత కష్టమైంది లేదు. చిన్న ప్లేటు తీసుకోండి, చిన్న స్పూను తీసుకోండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి. ఒక్క స్పూను నోట్లో పెట్టుకుని, స్పూనుని కింద పెట్టేయండి, చేతిలో ఉంచుకోకండి, ఉంచుకుంటే నోట్లోది మింగకముందే ఇంకోటి తవ్వేస్తుంది. నోట్లో ఉన్నది మెత్తటి గుజ్జయ్యేదాకా, ఒక ఇరవై సార్లయినా నమలండి. మింగండి. నోరు ఖాళీ అయ్యాకే స్పూను తీయండి. మొదటి రోజు మూడో స్పూనుకే చిరాకొస్తుంది, ప్లేటు విసిరి కొట్టాలనిపిస్తుంది, ఆ చిరాకే మనం ఎంత వేగంగా తింటున్నామో చెబుతుంది.

కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది, భోజనం పది నిమిషాల్లో అవగొట్టేవాళ్లకి ఆ కబురు ఎప్పుడూ ఆలస్యంగానే అందుతుంది. ఇరవై ముప్పై నిమిషాలు పట్టేలా తినడం మీ లెక్క. రోజుకి ఒక్క పూటతో మొదలెట్టండి, తొందర లేని పూట చూసుకుని. ఇది ఇప్పుడే ఎందుకు నేర్చుకోవాలంటే, ఆపరేషన్ తర్వాత గబగబా మింగిన ముద్ద అడ్డం పడితే ఛాతీలో నొప్పి, నోట్లో నురగలాంటి లాలాజలం, ఆనక వాంతి, చాలామందికి అప్పుడు గానీ నమలడం విలువ తెలియదు.

నీళ్ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. భోజనంతోపాటు నీళ్లు తాగే అలవాటుంటే మెల్లగా మానండి, తిన్నాక అరగంట ఆగి తాగండి. పూటకీ పూటకీ మధ్యలో మాత్రం చిన్న చిన్న గుక్కలుగా రోజంతా తాగుతూ ఉండాలి, గటగటా తాగే రోజులు కొన్నాళ్లు ఉండవు. గ్యాస్ డ్రింకులు ఇప్పుడే మానేయండి. కాఫీ మానమన్నారా, ఒక్కరోజులో మానకండి. ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై కొందరికి వారం పైన కూడా ఉంటుంది, అదే వారంలో లివర్ డైట్ (ఆపరేషన్‌కి ముందు లివర్‌ని చిన్నది చేయడానికి పెట్టే డైట్) కూడా మొదలైతే ఏది దేని వల్లో తెలియక డైట్‌ని తిట్టుకుంటారు. వారం పది రోజుల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రండి.

ఆకలి లేకుండా తినే గంటలు

నోట్‌బుక్‌లో ఆకలి 2, 3 అని రాసిన చోట్లన్నీ గుండ్రంగా గుర్తు పెట్టుకోండి. ఎక్కువమందికి అవన్నీ రోజులో ఒకటి రెండు గంటల్లోనే పోగుపడి ఉంటాయి. ఆ గంటకి ముందే ఒక ఏర్పాటుండాలి, ఆ గంట వచ్చాక ఆలోచిద్దామంటే ఆలోచించేలోపే చేయి డబ్బాలో ఉంటుంది.

ఏర్పాటంటే పెద్దదేం కాదు. తిండి కోరిక పుట్టగానే వద్దని దాంతో కుస్తీ పట్టకుండా, ‘ఇరవై నిమిషాలాగి అప్పటికీ కావాలనిపిస్తే తింటాను’ అని వాయిదా వేయండి, ఆ ఇరవై నిమిషాలూ చేతులు ఖాళీగా లేని పని చేయండి: స్నానం, బట్టలు మడతపెట్టడం, వీధి చివరిదాకా నడక, ఎవరికైనా ఫోను. ఎక్కువసార్లు కోరిక ఆపాటికి మెత్తబడుతుంది. మెత్తబడలేదా, తినండి, కానీ ప్లేటులో పెట్టుకుని, కూర్చుని, లైటు వేసుకుని తినండి. నిలబడి, డబ్బాలోంచి, చీకట్లో తిన్నది ఎంత తిన్నామో తెలియదు, రుచీ తెలియదు. రాత్రి భోజనం అవగానే పళ్లు తోముకోవడం, వంటగది లైటు ఆర్పేయడం లాంటివి చిన్నగా కనిపిస్తాయి గానీ బాగా పనిచేస్తాయి.

ఇంట్లో కనపడితే తినేస్తాం అనే వస్తువులు ఇంట్లోకి రాకుండా చూసుకోవడం మంచిదే, కానీ ఇంట్లో నలుగురున్నప్పుడు అందరి నోళ్లూ కట్టేయలేం. వాళ్లని అడగాల్సింది అడగండి: ‘మీరు తినండి, కానీ నా ఎదురుగా తెరిచిన ప్యాకెట్ పెట్టొద్దు, నాకు పెట్టొద్దు, నేను తింటుంటే లెక్కపెట్టొద్దు.’ ఆ మూడోది ముఖ్యం. ఇంట్లో ఎవరో కాపలా పోలీసులా చూస్తుంటే తినడం ఆగదు, దాక్కుని తినడం మొదలవుతుంది.

దాక్కుని తినడం అన్నాను కాబట్టి ఇంకో మాట. కాసేపట్లోనే మామూలు మనిషి తినలేనంత తినేయడం, ఆపుదామన్నా ఆపలేకపోవడం, కడుపు నొప్పి పుట్టేదాకా తిని తర్వాత అసహ్యం వేయడం, ఇది సగటున వారానికి ఒక్కసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరుంది. 2013 నుంచి డాక్టర్లు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగానే చూస్తున్నారు. రాత్రి భోజనం తర్వాతే రోజు తిండిలో పావు వంతు పైన తినడం, నిద్రలోంచి లేచి తింటేగానీ మళ్లీ నిద్ర పట్టకపోవడం లాంటివి ఇంకో రకం, దాని గురించి డాక్టర్ ఆల్బర్ట్ స్టంకార్డ్ 1955లోనే రాశారు. ఈ రెండింటికీ అలారాలూ చిన్న ప్లేట్లూ చాలవు. సైకాలజిస్టుతో మాట్లాడాలి, ఆలోచనల్నీ అలవాట్లనీ కలిపి మార్చే సీబీటీ అనే థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. చెబితే ఆపరేషన్ క్యాన్సిల్ చేస్తారేమో అని చాలామంది నోరు విప్పరు. ఇలాంటి ఇబ్బంది ఉన్నంత మాత్రాన సాధారణంగా ఆపరేషన్ లేదనరు, కాస్త ముందు చికిత్స చేసి తర్వాత పెట్టుకుందాం అంటారంతే. దాచిపెట్టి టేబుల్ ఎక్కితే ఆ జబ్బు చిన్న పొట్టతో కూడా తన దారి వెతుక్కుంటుంది. తిన్నది కావాలని వాంతి చేసుకునే అలవాటుంటే అది ఆపరేషన్‌కి ముందే తప్పనిసరిగా చెప్పాల్సిన విషయం.

‘చివరిసారి’ భోజనాలు

డేట్ ఖాయమవగానే ఇష్టమైన ప్రతిదానికీ వీడ్కోలు పార్టీ మొదలవుతుంది. ఇది చివరిసారి, అది చివరిసారి అంటూ వారం పది రోజుల్లోనే నాలుగైదు కిలోలు పెంచుకున్నవాళ్లున్నారు. దీన్ని ఆపడానికి ఒక్కటే తెలుసుకోవాలి, చాలా తిండ్లకి అది చివరిసారి కాదు. ఆపరేషన్ తర్వాత మొదట పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తటి ఆహారం, ఇలా సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలు తిండికి వచ్చేస్తారు. కొన్నాళ్లకి ఇష్టమైనవి చాలామటుకు తినొచ్చు, రెండు మూడు స్పూన్లు. బైపాస్ అయినవాళ్లకి తీపి ఎక్కువైతే డంపింగ్ అని గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి, కాబట్టి తీపి విషయంలో వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నిజంగా మనసు పడ్డది ఏదైనా ఉంటే ఒకటీ రెండూ ఎంచుకుని, లివర్ డైట్ మొదలవడానికి ముందే, మీకిష్టమైనవాళ్లతో కూర్చుని, నెమ్మదిగా తినండి. అంతటితో సరి.

లివర్ డైట్ వారాలు

చాలా చోట్ల ఆపరేషన్‌కి ముందు రెండు నుంచి నాలుగు వారాలు, రోజుకి సుమారు 800 నుంచి 1000 కేలరీల డైట్ పెడతారు, ఎక్కువగా ప్రొటీన్ షేకులు, లేదా పిండీ చక్కెరా బాగా తగ్గించిన తిండి. దీన్ని చాలామంది ‘మన ఓపికకి పరీక్ష’ అనుకుంటారు. అసలు కారణం వేరు. బరువు ఎక్కువున్నప్పుడు లివర్‌లో కొవ్వు చేరి అది పెద్దదవుతుంది, దాని ఎడమ భాగం సరిగ్గా పొట్ట పైభాగం మీద కప్పుకుని ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పనిచేయాలి. పెద్దగా, మెత్తగా ఉన్న లివర్‌ని ఎత్తితే రక్తం కారే ప్రమాదం ఉంటుంది, మరీ ఇబ్బందైతే ఆపరేషన్ వాయిదా వేయాల్సి వస్తుంది. పిండి పదార్థాలు తగ్గితే లివర్‌లో నిల్వున్న గ్లైకోజెన్ అనే చక్కెర రూపం ఖర్చవుతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ పట్టుకున్న దాదాపు మూడు గ్రాముల నీళ్లూ పోతాయి, కొవ్వూ కొంత కరుగుతుంది. అందుకే రెండు వారాల్లోనే లివర్ కనిపించేంతగా చిన్నదవుతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు ఘోరంగా ఉంటాయి, ఆ సంగతి ముందే తెలిస్తే నయం. తలనొప్పి, నీరసం, చిరాకు, నోటి దుర్వాసన, మలబద్ధకం, ఎవరు పలకరించినా కోపం. వీలైతే సెలవు రోజుల్లో మొదలెట్టండి. నీళ్లు బాగా తాగండి, ఒప్పుకుంటే ఉప్పున్న పల్చటి సూపు తాగండి, షేకులు చల్లగా చేసుకుంటే తాగడం తేలిక. నాలుగో రోజు దాటాక చాలామందికి ఆకలి తగ్గుతుంది. ఇంటిల్లిపాదికీ వండే బాధ్యత మీదే అయితే ఆ వారాలకి ఇంకొకరికి అప్పగించండి, వాసన పీలుస్తూ, ఉప్పు చూస్తూ ఈ డైట్ చేయడం దాదాపు అసాధ్యం.

ఇక మందుల విషయం, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. షుగరుకి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఈ డైట్ మొదలెడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లకి పిండి తగ్గినప్పుడు రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే కీటోఅసిడోసిస్ రావచ్చు, అదీ షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నప్పుడు కూడా. బీపీ మాత్రలతో కళ్లు తిరగొచ్చు. డైట్ మొదలెట్టే రోజుకి ముందే ఏ మందు తగ్గించాలో, ఏది ఏ రోజు ఆపాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు కొనసాగించొద్దు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకి చెప్పాలి.

డైట్ మధ్యలో తినేస్తే

తినేస్తారు. చాలామంది తింటారు. అప్పుడు చేయకూడనివి రెండు. ‘ఎలాగూ చెడింది కదా’ అని ఆ రోజంతా తినేయడం ఒకటి, మర్నాడు దానికి శిక్షగా ఏమీ తినకుండా కడుపు మాడ్చుకోవడం రెండోది. చేయాల్సింది ఒకటే, ఆ తర్వాతి పూట మామూలుగా షెడ్యూల్ ప్రకారం తినడం. సోమవారం కోసం ఆగొద్దు, రేపటి కోసం కూడా ఆగొద్దు.

ఆ తర్వాత టీమ్‌కి చెప్పండి. డైటీషియన్‌కి మెసేజ్ పెట్టండి: ‘డైట్‌లో ఐదో రోజు. రాత్రి ఫలానాది ఇంత తిన్నాను. పొద్దున్నుంచి మళ్లీ డైట్‌లోనే ఉన్నాను. సాయంత్రం ఏడు తర్వాత ఆకలి తట్టుకోలేకపోతున్నాను, ఏమైనా మార్చొచ్చా?’ ఇలా అడిగితే షేకు టైం మార్చడమో, కూరగాయలు కలపడమో, షేకుల బదులు మామూలు తిండితో చేసే డైట్ ఇవ్వడమో చేస్తారు, ఈ డైట్‌కి ఒకటే రూపం లేదు. చివరి రెండు మూడు రోజుల్లో పిండీ చక్కెరా బాగా తినేస్తే గ్లైకోజెన్ మళ్లీ నిండుతుంది, అప్పుడైతే తప్పకుండా చెప్పండి, ఏం చేయాలో సర్జన్ నిర్ణయిస్తారు. డైటీషియన్ తిట్టే మనిషైతే, అలాంటివాళ్లూ ఉంటారు, నర్సుకో సైకాలజిస్టుకో చెప్పండి, ఎవరికీ చెప్పకుండా మాత్రం ఉండకండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందే మానాలి, బైపాస్ తర్వాత మళ్లీ మొదలెడితే కుట్టిన చోట పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. తిండి తగ్గించినప్పుడు దాని చోటులోకి మద్యం రాకుండా చూసుకోండి, బైపాస్ తర్వాత కొంచెం తాగినా చాలా త్వరగా ఎక్కుతుంది, అది వ్యసనంగా మారినవాళ్లున్నారు. విటమిన్ డి, బి12, ఐరన్ తక్కువుండటం ఆపరేషన్‌కి ముందే మామూలు, పరీక్ష చేయించుకుని లోటుంటే ఇప్పుడే పూడ్చుకోండి, తర్వాత ఎలాగూ జీవితాంతం విటమిన్ మాత్రలు తప్పవు కాబట్టి వాటినీ పొద్దున అలారానికి కలిపేయండి. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలంటారు, ఆ విషయం ముందే మాట్లాడుకోండి.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం కొత్తగా చేయాల్సిందేం లేదు. ఘనాహారం ఎన్ని గంటలకి ఆపాలి, నీళ్లు ఎన్ని గంటలకి ఆపాలి, పొద్దున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది వేసుకోకూడదు, ఈ నాలుగూ హాస్పిటల్ వాళ్లని అడిగి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఆ రాత్రి పొరపాటున ఏదైనా తిన్నా, తాగినా, ఎంత చిన్నదైనా, పొద్దున మత్తు డాక్టరుకి మొదటి మాటగా అదే చెప్పండి. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది, ఆపరేషన్ ఓ రోజు వెనక్కి వెళ్తే ఏమీ కాదు.